బొట్టు చెరిపిన బటన్

నవంబరు 2, ఆదివారం

ఏడు పోయింది.

పొద్దున్న షాపుకి వెళ్ళి కంప్యూటర్ ఆన్ చేస్తే స్క్రీన్ మీద ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ పాత గుర్తు లేదు. నన్నొక్క మాట అడక్కుండా తీసేశారు. కాకినాడ కలర్ ల్యాబ్‌లో చివరి ఏళ్ళ నుంచి, ఇక్కడ దోహాలో ఈ స్టూడియోలో చేరిన ఎనిమిదేళ్ళూ, నా చేయి నడిచింది ఆ ఏడో వెర్షన్ మీదే. కళ్ళు మూసుకుని ఫోటో బాగుచేయగలను అందులో. మేనేజర్ బషీర్ మాత్రం పెళ్ళికొడుకులా తిరుగుతున్నాడు. "న్యూ వెర్షన్, వసంతా మేడమ్! ఏక్ బటన్. మాఫీ ముష్కిల్."

ఆయనకి మాఫీ ముష్కిల్, ఏ ఇబ్బందీ లేదు. ముష్కిల్ అంతా నాకు.

నవంబరు 3, సోమవారం

గోడ మీద కాగితం అంటించాడు. ప్రతి ఫోటోకీ ఆఖర్న 'స్కిన్ క్లీన్' బటన్ తప్పనిసరి. ఎవరి ఫోటో అయినా. అడిగినా, అడక్కపోయినా.

ఒళ్ళు మండింది.

నేను పని నేర్చుకునేటప్పుడు నాలుగో వెర్షన్. అన్‌డూ ఒక్కటంటే ఒక్కటే. ఒక తప్పు చేసి, దాని మీద ఇంకో తప్పు చేస్తే మొదటి తప్పు ఇక నీదే, మోసుకో. అందుకని ప్రతి క్లిక్కుకీ ముందు ఊపిరి బిగబట్టేవాళ్ళం. ఐదులో హిస్టరీ వచ్చింది, ఇరవై అడుగులు వెనక్కి వెళ్ళొచ్చు. పండగ చేసుకున్నాం. ఏడులో మచ్చలు మాన్పే బ్రష్ వచ్చింది. అదైనా, మంచి చర్మం ఎక్కడిదో నేను చూపించాలి, మచ్చ ఎక్కడుందో నేను చూపించాలి. ఆ తర్వాత వచ్చిన, నేను ముట్టని వాటిలో మచ్చ చూపిస్తే చాలు, చర్మం అదే వెతుక్కుంటుంది. ఆ తర్వాత మనిషినే చుట్టేసి తీసెయ్ అంటే తీసేసి వెనకాల గోడ అదే కట్టుకుంటుంది. ఒక్కో వెర్షన్ వచ్చినప్పుడల్లా మా చేతుల్లో పని ఒకటి ఊడింది. ఇప్పుడిది... మచ్చ ఏదో కూడా అదే చెప్తుందట. మచ్చ అంటే ఏంటో దానికెవరు చెప్పారు?

నవంబరు 5, బుధవారం

ఓబులేసు వచ్చాడు. ఉమ్ సలాల్‌లో ఒక విల్లాలో హౌస్ డ్రైవరు. కడప దగ్గర పల్లె. పాస్‌పోర్టు ఫోటోలకి ఇదివరకు రెండు సార్లు వచ్చాడు, తెలుగు వినపడగానే అక్కా అని వరస కలిపేశాడు.

ఊళ్ళో ఇల్లు కట్టాడట. ఈ నెల 23న గృహప్రవేశం. మూఢం వచ్చేలోపు ఇదొక్కటే ముహూర్తమట. లీవు దొరకలేదు. అందుకని భార్యాభర్తల జాయింటు ఫోటో కావాలి. ఒకటి గేటు దగ్గర ఫ్లెక్సుకి, ఇంకోటి పీట మీద పెట్టడానికి. పూజలో ఆ అమ్మాయి పక్కన ఇతని బదులు ఫోటో కూర్చుంటుంది.

"ఆడ ఫ్లెక్సు షాపోళ్ళు కూడా చేస్తారక్కా. కానీ ఖతార్‌లో చేపిచ్చిందంటే ఆ లెక్కే వేరు కదా."

"నిలబడు. కోటు వేసుకో," అన్నాను. షాపు కోటు వదులు. వెనకాల క్లిప్పులు పెట్టి బిగించాను. ముందు నుంచి చూస్తే అల్లుడిలా ఉన్నాడు.

నవంబరు 6, గురువారం

భార్య ఫోటో వాట్సాప్‌లో వచ్చింది. పేరు లక్ష్మీదేవి. ఇంకా పూత పడని గోడ ముందు ఎర్ర చీరలో నిలబడింది. చిన్న ఎర్ర స్టిక్కరు బొట్టు. నవ్వలేదు. ఎవరో నవ్వమంటే నవ్వను పో అన్నట్టు ఉంది.

వెలుగు ఆమెకి ఒక పక్క నుంచి, ఇతనికి ఇంకో పక్క నుంచి. ఇద్దరిలో ఒకరిని అద్దంలో బొమ్మలా కుడి ఎడమలు మార్చి తిప్పాలి. చీర కట్టిన మనిషిని తిప్పకూడదు, పైట రెండో భుజం మీదికి వెళ్ళిపోతుంది. కొత్తవాళ్ళంతా చేసే తప్పది. ఇతన్ని తిప్పాను. చొక్కా గుండీలు అటుపక్కకి మారాయి, ఎవడూ చూడడు. ఆమెని అతని ఎడమ పక్కన పెట్టాను. భుజానికి భుజం ఆనించి, మధ్యలో చిన్న నీడ వేశాను. నీడ లేకపోతే ఇద్దరూ అంటించిన బొమ్మల్లా ఉంటారు.

మూడు గంటల పని. బాగా వచ్చింది. నాకే ముచ్చటేసింది.

నవంబరు 9, ఆదివారం

పంపేశాను. ఓబులేసు ఫోన్లో చూసుకుని, "అబ్బ, సూటు భలే కుదిరిందక్కా!" అన్నాడు. వాడు చూసింది వాడి సూటు.

నవంబరు 11, మంగళవారం

మొహం ఎర్రగా చేసుకుని వచ్చాడు. కౌంటర్ మీద ఫోన్ పెట్టి దబ్బుమని కొట్టాడు.

"అక్కా, నా పెండ్లాం బొట్టు యాడ పాయ?"

చూశాను. నుదురు నున్నగా ఉంది. అద్దం తుడిచినట్టు.

"మాయమ్మ చూసి ఏడుస్తాండాది. నా కొడుకుకేమైందో చెప్పండని ఇంటింటికీ తిరుగుతాండాదంట. నేను ఫోన్ చేసి అమ్మా బతికే ఉండానే అన్నా వినల్యా. కొత్తింట్లో చేరే ఫోటోలో నా పెండ్లాన్ని ముండమోసిందాని మాదిరి చేసి పెడతావా? ఏం మనిషివక్కా నువ్వు!"

క్షమించు, పొరపాటైంది, రేపటికల్లా సరిచేస్తాను అన్నాను. అన్నీ అన్నాను. ఆ మాట మాత్రం చెవిలోనే ఉండిపోయింది. వాడికి తెలియదు. మా ఆయన పోయి మూడేళ్ళయిందని ఇక్కడ బషీర్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదు. నా నుదుటన రోజూ బొట్టుంటుంది, నేను పెట్టుకుంటాను. అది చూసే కదా అక్కా అన్నాడు. లేకపోతే ఏమనేవాడు? పొద్దున్నే ఎదురొచ్చానని రోడ్డవతలికి పోయేవాడా?

అదే రోజు, సాయంత్రం

ఆఖర్న బటన్ నొక్కింది నేనే. నొక్కి చూడలేదు. ఏడు ఉన్నప్పుడు చూడనక్కర్లేదు కదా – నేను చెప్పనిదే ఏమీ చేసేది కాదు. ఆ అలవాటే కొంప ముంచింది.

తప్పు నాదే. కోపం తగ్గలేదు.

నవంబరు 12, బుధవారం

బషీర్‌కి చెప్పాను. పగలబడి నవ్వాడు. "ఖాళీ ఏక్ బిందీ హై నా! ఒక చుక్క పెట్టెయ్, ఖలాస్."

ఖాళీ ఏక్ బిందీ. ఉత్త బొట్టేనట. నేనేమన్నానో రాయను. నాలుగు భాషల్లో అన్నాను, అన్నీ అర్థమయ్యాయి ఆయనకి. "మేడమ్, టేక్ రెస్ట్" అన్నాడు. రెస్ట్ నీకివ్వాలి.

నవంబరు 13, గురువారం

షాపులో ఎవరూ లేనప్పుడు ఆ బటన్‌ని పరీక్షకి కూర్చోబెట్టాను. పాత ఫోటోలు ఒక్కొక్కటి వేసి నొక్కుతూ పోయాను.

చిన్న స్టిక్కరు బొట్టు – పోయింది. పుట్టుమచ్చ – పోయింది. పదో తరగతి సర్టిఫికెట్లో పుట్టుమచ్చలు రాసుకుని జీవితాంతం అవే చూపించుకునే వాళ్ళం మేము, ఆ సంగతి దానికెవరు చెప్తారు. పసిపాప బుగ్గన దిష్టి చుక్క – పోయింది. తాతగారి నామం సగం పోయి సగం మిగిలింది, అది ఇంకా ఘోరం. పెద్ద కుంకుమ బొట్టు జోలికి మాత్రం పోలేదు. పెద్దదైతే భయం, చిన్నదైతే లోకువ.

ముక్కుపుడకని వదిలేసింది. మెరుస్తుంది కదా. మెరిసేది మచ్చ కాదని నేర్పారు కాబోలు.

ఆఖర్న నా ఫోటో వేశాను. ఐడీ కార్డు రెన్యువల్ కోసం మొన్న తీసుకున్నది.

రెండు సెకన్లు. అంతే.

మా వదిన మూడేళ్ళుగా వీడియో కాల్లో, "ఇంకా ఎందుకే అది... అందరూ అడుగుతున్నారు" అంటూ చేయలేకపోయిన పని రెండు సెకన్లలో చేసింది. పదకొండో రోజున అందరూ చుట్టూ కూర్చుని చెరపబోతే చెయ్యి విదిలించుకుని లేచి వచ్చిన దాన్ని నేను. ఊళ్ళో శుభకార్యం జరిగిన ప్రతిసారీ గుమ్మం చాటుకి తప్పుకుంటూ బతకడం నా వల్ల కాదని, విమానం ఎక్కి మళ్ళీ ఇక్కడికే వచ్చి పడ్డాను. అల్ తుమామాలో ఒక గది, ఈ ఉద్యోగం. ఇంత చేసి వస్తే ఇక్కడ గోడ మీద కాగితం అంటించి నాచేతే నొక్కించారు.

ఆ ఫోటోని చాలాసేపు చూశాను. నేనలా ఉంటానన్నమాట.

డిలీట్.

నవంబరు 14, శుక్రవారం

సెలవు. వంట చేయబుద్ధి కాలేదు. పెరుగన్నం తిని పడుకున్నాను. ఎవరిమీదని తెలియని కోపం. గ్లాసు విసిరాను. స్టీలు గ్లాసు, అది కూడా పగల్లేదు.

నవంబరు 16, ఆదివారం

బొట్టు మళ్ళీ పెట్టాను.

వాట్సాప్‌లో నలిగి వచ్చిన ఫోటోలో బొట్టు పట్టుమని పది పిక్సెల్ చుక్కలు లేదు. దాన్ని పెద్దది చేస్తే ఇటుక ముక్కలా ఉంది. అందుకని చేత్తోనే. గుండ్రటి బ్రష్, అంచు కొంచెం మెత్తగా. ఎరుపు ఒక్కటే వేస్తే సరిపోదు, స్టిక్కరుకి పైన వెలుగు ఉంటుంది, కింద సన్నని నీడ ఉంటుంది, అది వేయకపోతే నుదుటికి చిల్లు పడినట్టు కనిపిస్తుంది. రెండు కనుబొమలకీ సరిగ్గా మధ్యన పెట్టకూడదు. ఏ ఆడదీ అద్దంలో కొలత పెట్టి పెట్టుకోదు. వెంట్రుకవాసి అటో ఇటో.

గంటంపావు పట్టింది. బషీర్ రెండు సార్లు వచ్చి చూసి వెళ్ళాడు. గోడ మీద కాగితం చింపేశాను.

ఓబులేసుకి నమూనా పంపాను. "చాలా థాంక్సక్కా. ఆ పొద్దు నోరు జారినా. మా ఇంట్లో దానిగ్గూడా చూపిస్తా" అన్నాడు.

నవంబరు 17, సోమవారం

లక్ష్మీదేవి నుంచి వాయిస్ మెసేజ్. షాపు నంబరు జాయింటు ఫోటో కింద ఉంటే చూసి పెట్టిందట. ఎవరికీ వినిపించకుండా రాసుకోవాలనిపిస్తోంది, అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఉన్నదున్నట్టు:

"అక్కా, నా పేరు లక్ష్మీదేవి, ఓబులేసు ఇంటామెను. ఫోటోలో బొట్టు తీసింది నువ్వేనంట కదా. నువ్వేం బాధపడాకు. మళ్ళా పెట్టినావంట. తీసెయ్యక్కా. ముందర పంపిచ్చినావు చూడు, బొట్టు లేకుండా, అదే పంపు ఫ్లెక్సుకు. నేనే దగ్గరుండి పెద్దది కొట్టిచ్చి గేటుకు కట్టిస్తా."

నాకు అర్థం కాలేదు. ఏమ్మా, ఎందుకు అని అడిగాను. వెంటనే ఇంకోటి వచ్చింది. ఈసారి గొంతు పైకి లేచింది.

"ఆరేండ్లాయ అక్కా ఆయప్ప రాక. ప్రతిసారీ లీవు ఈల్యా, లీవు ఈల్యా. మొన్న మా ఊరాయన ఒగడు వచ్చినాడు, ఆయప్ప పక్క విల్లాలోనే డ్రైవరు. ఆయన చెప్పినాడు – అడిగితే ఇస్తారంట. ఆయప్ప అడగల్యా. అసలు నోరు తెరిచి అడగనే అడగల్యా! ఇప్పుడు నేను ఫోటో పక్కన కూర్చోని పూజ చేయల్లనా? ఊరంతా చూస్తాంటే? పక్కన మనిషి లేకుండా ఇంట్లో చేరే దానికి బొట్టు మాత్రం యాల? అందరూ చూడనీ. చూసి ఆయప్పకు ఫోన్లు చేయనీ. అప్పుడన్నా వస్తాడు."

అదే రోజు, మళ్ళీ

రెండు సార్లు విన్నాను.

మొదటిసారి – శభాష్ అనుకున్నాను. ఎంత తెగువ! కట్టు, గేటుకి కట్టు, ఇంకా పెద్దది కట్టు.

రెండోసారి – చెంప మీద కొట్టాలనిపించింది. ఉన్న మొగుడిని పిలవడానికి నా నుదురా దొరికింది నీకు? నేను చచ్చినా వదలనని పోట్లాడి నిలబెట్టుకున్నది నువ్వు గేటుకి కట్టి ఊరికి చూపిస్తావా? బొట్టు లేకపోతే అయ్యో అంటారని నీకూ తెలుసు, వాడికీ తెలుసు, వాళ్ళమ్మకీ తెలుసు. అందరూ కలిసి నమ్మే అబద్ధం అది. నేనొక్కదాన్నే దానితో ఇన్నేళ్ళుగా కుస్తీ పడుతున్నాను.



నవంబరు 18, మంగళవారం

ఓబులేసుకి ఫోన్ చేశాను. బండిలో ఉన్నాడు, వెనకాల పిల్లలు అరబిక్‌లో గోల.

"లీవు అడిగావా?"

"ఏందక్కా?"

"లీవు. గృహప్రవేశానికి. నోరు తెరిచి అడిగావా, లేదా?"

సిగ్నల్ దగ్గర ఆగినట్టున్నాడు, హారన్లు వినిపించాయి.

"పోయినసారి మా విల్లాలోనే పనిచేసే రాజశేఖర్ అడిగినాడక్కా. సరే పో అన్నారు. పోయినాడు. తిరిగొచ్చే లోపల ఆ పనిలో నేపాలీ ఉన్నాడు. నేను అడిగి, వాళ్ళు సరే అంటే? అప్పుడేం చేయల్ల?"

తిట్టడానికి సిద్ధం చేసుకున్నదంతా నోట్లోనే మిగిలిపోయింది. "ఆ సంగతి ఆమెకి చెప్పావా?"

"యెట్ల చెప్పేదక్కా. భయపడినానని చెప్పల్లనా?"

చెప్పాలి. చెప్పవయ్యా! లీవు ఇవ్వలేదని ఆరేళ్ళు అబద్ధం ఆడటానికి నోరు వచ్చింది, భయమేస్తోందే అనడానికి రాలేదా? ఇదంతా ఫోన్లోనే అనేశాను. షాపులో ఎవరో పాస్‌పోర్టు ఫోటోకి వచ్చినవాళ్ళు నన్ను చూసి బయటికి వెళ్ళిపోయారు.

నవంబరు 19, బుధవారం

ఊళ్ళో ఫ్లెక్సు షాపు నుంచి ఫోన్. "మేడమ్, రేపు సాయంత్రం లోపల ఫైల్ రావల్ల. లేకుంటే 23కు అందదు." సరే అన్నాను.

ఓబులేసు మెసేజ్: బొట్టు ఉన్నది పంపక్కా.

లక్ష్మీదేవి మెసేజ్: బొట్టు లేంది పంపక్కా.

నాకెందుకీ తలనొప్పి. నేను ఫోటోలు చేసేదాన్ని. ఇద్దరూ మీలో మీరు మాట్లాడుకోండి అని చెప్పొచ్చు. ఆరేళ్ళుగా వాళ్ళు మాట్లాడుకోనిదే అదొక్కటి.

నవంబరు 20, గురువారం

ఫైల్ తెరిచాను. ఎంత తిట్టినా ఈ కొత్త వెర్షన్‌లో పాతది ఒక్కటి మిగిలింది – పొరలు. గోడ ఒక పొర, లక్ష్మీదేవి ఒక పొర, ఓబులేసు ఒక పొర, మధ్యలో నీడ ఒక పొర, అన్నిటికంటే పైన నేను పెట్టిన బొట్టు. ఒక్కో పొర పక్కన చిన్న కన్ను గుర్తు ఉంటుంది. నొక్కితే కన్ను పోతుంది, ఆ పొర కనపడదు. మళ్ళీ నొక్కితే వస్తుంది. కాకినాడలో మా గురువుగారు చెప్పేవారు, పొరలు లేని రోజుల్లో అతికించాక అతికించినట్టేనట, మనసు మార్చుకోవడానికి వీల్లేదట.

బొట్టు కన్ను నొక్కాను. పోయింది. లక్ష్మీదేవి అలాగే నవ్వకుండా చూస్తోంది. ఆమెకి అదేం కొత్తగా లేదు. మళ్ళీ నొక్కాను. వచ్చింది. ఎన్నిసార్లు నొక్కానో లెక్కలేదు. బషీర్ కౌంటర్ నుంచి, "యల్లా మేడమ్, తొందరగా పంపెయ్" అంటున్నాడు.

ఎందుకు తీయాలి? ఆమె బొట్టు ఆమెది. వాడు వచ్చినా రాకపోయినా, బతికినా చచ్చినా. ఆ అమ్మాయికి కోపం వస్తే రానీ, ఆ కోపంలో కూడా నేను తీయను. ఇక ఎవరి నుదుటి మీదా నా చేత్తో నొక్కను.

కానీ ఆమె అడిగింది అబద్ధం కాదు. ఆ ఫోటోలో లేనిది ఒకటుంది. అది బొట్టు కాదు.

ఓబులేసు పొర. కన్ను నొక్కాను.

సూటు పోయింది. నీడ మిగిలింది, దాన్ని కూడా తీసేశాను. లక్ష్మీదేవి ఎర్ర చీరలో, నుదుటన బొట్టుతో నిలబడి ఉంది. పక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ. వెనకాల పూత పడని గోడ.

అదే సేవ్ చేశాను. ఫ్లెక్సు షాపుకి కాదు. ఓబులేసుకి, లక్ష్మీదేవికి, ఇద్దరికీ ఒకేసారి. కింద రాశాను: ఫ్లెక్సుకి ఇదే పంపుతాను. వద్దంటే ఆ ఖాళీ సంగతి మీ ఇద్దరూ మాట్లాడుకుని ఐదింటి లోపల చెప్పండి.

నాకా హక్కు లేదు. తెలుసు.

నాలుగున్నర

ఇద్దరూ చూశారు. ఇద్దరి దగ్గర్నించీ మాట లేదు.

ఐదుకి పది నిమిషాలు తక్కువ

ఓబులేసుకి ఫోన్ చేశాను. బిజీ. లక్ష్మీదేవికి చేశాను. అదీ బిజీ.

ఐదుంపావు. మళ్ళీ చేశాను. ఇద్దరివీ ఇంకా బిజీ.

ఫ్లెక్సు షాపువాడు చేస్తున్నాడు. మూడోసారి. నేను ఎత్తడం లేదు...